గాజుగోళంలో చెవి

“కన్ను కాదు ఇమ్మానుయేలూ, చెవి!” అన్నాడు చీఫ్ హరిబాబు. “సముద్రం అడుగున పెట్టే టెలిస్కోప్ గోళాల్లో ఒకదానిలో విదేశీ ముఠా నీళ్ళలో చప్పుళ్ళు వినే హైడ్రోఫోన్ దాచింది. ఈరోజే దింపుతున్నారు. అది అడుక్కి చేరిందంటే మన సబ్‌మెరైన్ ఎటు పోతోందో వాళ్ళకి వినబడిపోతుంది.”

ఏజెంట్ ఇమ్మానుయేలు చటుక్కున లేచాడు. ఆ సబ్‌మెరైన్‌లో అతని తమ్ముడు జేమ్స్ ఉన్నాడు.

“ఏ గోళమో ఓడలో సైంటిస్టు డాక్టర్ విశాలి చూపిస్తుంది. ముఠాలో ఉన్న మన మనిషే.”

భావనపాడు నుంచి బయల్దేరిన ఓడలో ఇమ్మానుయేలుది వంటవాడి వేషం. డీజిల్ కంపు, కుళ్ళిన చేపల కంపు, వాటి మీద విశాలి దట్టంగా కొట్టుకున్న సెంటు. ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో ముక్కు మూసుకున్నాడు. సూర్యుడి గర్భంలో డార్క్ మేటర్ కణాలు ఢీకొని నశిస్తే న్యూట్రినోలు పుడతాయట. అవి నీళ్ళలో ఎప్పుడో ఓ నీలి మెరుపు మెరిపిస్తాయట. దాన్ని పట్టడానికే ఒక్కో గోళంలో ఒక్కో ఎలక్ట్రానిక్ కన్ను. ఇంత శుభ్రమైన పనిలోనూ వేలు పెట్టారు కదా వెధవలు! ఛీ!

విశాలి గాగుల్స్ సర్దుకుని ఒక గోళాన్ని తట్టింది. “ఇదే.”

ఇమ్మానుయేలు దాన్ని గుట్టుగా పక్కకి తప్పించాడు.

అంతలో ఓడ యజమాని తల్లి లక్ష్మణమ్మ పసుపుకుంకాల పళ్ళెం పట్టుకొచ్చింది. “గంగమ్మలోకి ఉత్తినే దింపేత్తారేటి?” అంటూ మిగిలిన ప్రతి గోళానికీ పసుపు పులిమి బొట్టు పెట్టేసింది.

“ఖర్మ! ఇంక లోపల కన్నుకేం కనబడుతుంది?” విశాలి లబోదిబోమంటూ స్పిరిట్‌తో గోళాలన్నీ తళతళలాడేలా తుడిచింది. ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ముందు దాన్నే క్రేన్‌కి తగిలించమంది.

ఇమ్మానుయేలుకి చురుక్కుమంది. లోపల కన్నుంటే కదా తుడవడానికి! ఇందాక చూపించింది మంచి గోళం!

గోళం నీళ్ళని తాకుతోంది. అతను గరిటె విసిరేసి లివర్ మీద పడ్డాడు. క్రేన్ కీచుమని ఆగింది. పైకి లాగి పగలగొడితే లోపల కన్ను లేదు. నల్లటి హైడ్రోఫోన్ ఉంది.

విశాలి పిస్టల్ తీసేలోగా లక్ష్మణమ్మ పళ్ళెంతో ఆమె చెయ్యి మీద ఒక్కటేసింది. పిస్టల్ ఎగిరి నీళ్ళలో పడింది. “సిగ్గునేదేటే నీకు!”

విశాలి నవ్వింది. “నీ రేటు చెప్పు ఇమ్మానుయేల్.”

“ఆ సబ్‌మెరైన్‌లో మనుషులున్నారు.”

“ఉంటారు. అయితే?”

అతను రెయిలింగ్ దగ్గరకి పరుగెత్తి భళ్ళున కక్కుకున్నాడు. అలలకి కాదు, ఆ మాటకి.

సెలవు దొరికి జేమ్స్ నెల్లిమర్లలో ఇంటికి వచ్చినప్పుడు అన్నయ్యే వండి వడ్డించాడు.

“పనెలాగున్నాదిరా?”

“ఏటి సెప్పమంటావు అన్నయ్యా, వొట్టి బోరు. ఎల్లాం, వచ్చాం. ఏటీ అవనేదు.”

“ఏటీ అవనేదా? మరి జీతమెందుకురా మీకు?” అని కసిరాడు ఇమ్మానుయేలు, తమ్ముడి కంచంలో ఇంకో చేపముక్క వేస్తూ.