ఒక్క మనిషి పట్టే తలుపు

పొద్దున్నే కూతురు బండి మెట్టెక్కేసరికి తల్లి కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తండ్రి పొయ్యి దగ్గర కాఫీ కలుపుతున్నాడు. బయట షెడ్డులో మేనమామ రంపం అప్పుడే మొదలైంది. ఆయన వడ్రంగి. అక్కాబావల బండి ఆయన షెడ్డు వెనకే నిలిచి ఉంది.

అది ఒకప్పుడు జనాన్ని మోసిన బస్సు. తండ్రి ఉద్యోగకాలమంతా దాన్నే తోలాడు. పాతబడిందని పక్కన పెట్టేస్తుంటే కొనుక్కుని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి, వెనక మూలన చిన్న బాత్‌రూమ్ పెట్టించి ఇల్లు చేసుకున్నాడు. ఊళ్ళన్నీ నేనే చూశాను, నువ్వు గిన్నెలే చూశావు, ఇకనుంచి ఇద్దరం చూద్దాం అని భార్యను ఎక్కించుకున్నాడు. నాలుగు ఊళ్ళు తిరిగారో లేదో, ఆమె కాళ్ళలో నరాలు చచ్చుబడటం మొదలైంది. ఇది పైకే పాకుతుంది గాని కిందికి దిగదని డాక్టరు చెప్పేశాడు. బండి అక్కడితో ఆగింది.

కూతురు ఆస్పత్రి లేబొరేటరీలో పనిచేస్తుంది. ముందురోజు తల్లి మూత్రపరీక్ష తనే చేసింది. ఇన్‌ఫెక్షన్ బాగా ముదిరింది. ఒంట్లో నీరే లేదు, ఇలాగే సాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయని డాక్టరు కోప్పడ్డాడు. సుబ్బరంగా తాగుతున్నానని తల్లి చెప్పింది. రోజూ తను నింపి వెళ్ళే సీసా సాయంత్రానికి ఖాళీ అవుతున్న మాట నిజమే కాబట్టి కూతురికి ఏమీ అర్థం కాలేదు.

ఇప్పుడు సీసా నింపుతూ కిటికీలో ఉన్న పూలకుండీ వైపు చూసింది. మట్టి బురదబురదగా ఉంది. మొక్క మొదలు నల్లబడి కుళ్ళిపోయింది. దాని పక్కన కూర్చున్న మనిషికేమో పెదాలు పగిలి తోలు లేచిపోతోంది.

"నీ నీళ్ళన్నీ ఇది తాగుతోందా అమ్మా?"

తల్లి చిక్కుడుకాయల మీంచి తల ఎత్తలేదు. తండ్రి చేతిలో చెంచా ఆగిపోయింది.

కూతురి కోపం ముందు తండ్రి మీదికే పోయింది. పగలూ రాత్రీ పక్కనే ఉండి కూడా కనిపెట్టలేదా, బస్సంత బస్సుకి ఎక్కడ ఏ బోల్టు వదులైందో చెవితో పట్టేసే మనిషికి పెళ్ళాం దాహం వినపడలేదా అని అడిగింది. అమ్మను ఇవాళే తన ఇంటికి తీసుకుపోతానంది. మంచం పక్కనే బాత్‌రూమ్ కుర్చీ వేయిస్తుందట. లేవనక్కర్లేదు, నడవనక్కర్లేదు, అన్నీ అక్కడే.

తండ్రికి ఆ మాట గుచ్చుకుంది. ఇంతకంటే ఏ మొగుడు ఏం చేస్తాడని బాత్‌రూమ్ తలుపు వైపు చెయ్యి చూపించాడు. పోయిన నెలలో దాన్ని మార్చింది ఆయనే. పాత తలుపు సన్నగా, ఒక్క మనిషి మాత్రమే పట్టేలా ఉండేది. బయటికి తెరిస్తే నడిచే దారి మూసుకుపోయేది. భార్యను ఎత్తుకుని వెళ్తుంటే ఆమె మోకాళ్ళు ద్వారబంధానికి కొట్టుకునేవి. అందుకే బావమరిదిని పిలిచి చెక్కగోడ కోయించాడు. గుంజలు తీయించి, పక్కకు జరిపే తలుపు వేయించాడు. అడ్డం వస్తోందని, బస్సులో నిలబడే జనం పట్టుకునే పాత ఇనుపరాడ్డు కూడా పీకేశాడు. పెళ్ళినాడు మా అక్క చెయ్యి పట్టుకోడానికే వణికావు, ఇప్పుడు ఏకంగా ఎత్తుకునే తిరుగుతున్నావే బావా అని బావమరిది ఆటపట్టిస్తే, ఆ రోజంతా ఆయన ముసిముసిగా నవ్వుకుంటూనే ఉన్నాడు.

"ఏనుగు పోయేంత దారి చేశాను. ఇంకేం తక్కువైంది?" అన్నాడు.

"ఇరుగ్గా ఉన్నప్పుడే నేను వెళ్ళేదాన్నండీ," అంది తల్లి.

ఆమె గొంతు పెంచలేదు. చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి చెప్పుకొచ్చింది. మీరు నిద్రలో ఉన్నప్పుడు, బజారుకెళ్ళినప్పుడు నేనే వెళ్ళేదాన్ని. మంచం దిగితే చేతికి రాడ్డు అందేది. రాడ్డు వదిలేలోపు ద్వారబంధం అందేది. ఆ గుంజకో భుజం, ఈ గుంజకో భుజం ఆనించి మెల్లగా తిరిగి కూర్చునేదాన్ని.

"పడదామన్నా పడే చోటుండేది కాదు. ఇప్పుడు అటు చూసినా గాలే, ఇటు చూసినా గాలే. ఏం పట్టుకోను?"

"నేను లేనా?" అన్నాడు తండ్రి.

"ఉన్నారు. ఎత్తుకుపోయి కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడతారు. గొళ్ళెం కూడా తీసేయించారు. గుక్కెడు తాగితే మిమ్మల్ని ఒకసారి పిలవాలి. అందుకే తాగడం మానేశాను."

తండ్రి మంచం మీద కూర్చున్నాడు. ఒక్క మాట చెప్పొచ్చు కదే అన్నాడు.

"ఎలా చెప్పను? అంత సంబరంగా చేస్తిరి. బియ్యం బస్తా ఎత్తుకుని లోపలికీ బయటికీ తిరిగి కొలత చూసుకున్నారు. నేను ఇక్కడే కూర్చుని చూస్తున్నాను. బస్తాకైతే సరిగ్గా సరిపోయింది."

షెడ్డులో రంపం ఆగింది. గొంతులు విని బావమరిది వచ్చి మెట్టు దగ్గర నిలబడ్డాడు. తల్లి అప్పుడు కూతురి వైపు తిరిగింది.

"నువ్వూ అంతేనమ్మా. ఆయన మోస్తానంటారు, నువ్వు కదలనక్కర్లేదంటావు. ఇంట్లో ఏ పనికీ పనికిరాకుండా పోయాను. ఆ ఒక్కటైనా నా అంతట నేను చేసుకుంటుంటే మనిషినే అనుకునేదాన్ని."

రాడ్డు, గుంజలు మళ్ళీ పెట్టేస్తానక్కా అన్నాడు తమ్ముడు. కూతురు కుండీలోని కుళ్ళిన మొక్కను పీకి బయట పారేసింది. మెట్టు దిగి, మేనమామను షెడ్డు దాకా తీసుకెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడింది. జబ్బు చేతులకి కూడా వస్తుంది మామయ్యా, అప్పుడు రాడ్డు ఉన్నా పట్టుకోలేదు, ఈ కోతలూ అతుకులూ ఎందుకు అంది. ఆయన రంపం పళ్ళు తడుముకుంటూ నిలబడ్డాడు. వెనకే దిగి వచ్చిన తండ్రి ఆ మాట విన్నాడు.

"చేతులు పడిపోయాక నేనే ఎత్తుకుంటాను. ఇప్పుడే ఎందుకు ఎత్తుకోవాలి?" అన్నాడు.

కూతురు ఆ రోజు పనికి రానని ఫోన్ చేసి చెప్పింది.

రాడ్డు షెడ్డు వెనక బట్టలారేసే దండెంగా మారి ఉంది. తడిబట్టలు తీసి దాన్ని మోసుకొచ్చారు. ఈసారి బస్తా తీయలేదు. తల్లినే కుర్చీలో కూర్చోబెట్టి దారి మధ్యలోకి తెచ్చారు. ఎక్కడ అని తమ్ముడు అడిగితే ఆమె చెయ్యి చాచింది. ఆ చెయ్యి ఆగిన చోటల్లా ఆయన సుద్దముక్కతో గీత పెట్టాడు. పక్కకు జరిపే తలుపు మంచిదే, తెరవడానికి వెనక్కి జరిగే పని లేదు, ఉంచమంది. గుంజలు మాత్రం మళ్ళీ దగ్గరికి రావాలంది. ఇంత ఇరుకైతే బావ లోపలికి పట్టడక్కా అన్నాడు తమ్ముడు. అందుకే కదరా అంది ఆమె. ఆ పూటకి అందరూ నవ్వింది అప్పుడే.

గొళ్ళెం ఆమె చేతి ఎత్తులో బిగించారు. లోపల పడిపోతే ఎలా అని కూతురు పట్టుబట్టింది. బయటి నుంచి కూడా తీయగలిగేలా పెడితే, నేను పిలిస్తేనే తీయాలని తల్లి మాట తీసుకుంది.

సాయంత్రం కూతురు చేతి గ్లాసు అందుకుని ఆమె నిండా నీళ్ళు తాగింది. ఇంకో గ్లాసు అడిగి తాగింది. కాసేపటికి మంచం అంచు పట్టుకుని లేచింది. తండ్రి ఉలిక్కిపడి లేవబోయాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన వెళ్ళి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. ఎదుటి అద్దంలో బండి వెనక భాగమంతా కనిపిస్తోంది. ఉద్యోగకాలమంతా ఆ అద్దంలో ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ కనిపెట్టిన కళ్ళు అవి. చెయ్యి చాచి అద్దాన్ని కప్పు వైపు తిప్పేశాడు.

ఇక చెవులే మిగిలాయి. ఈడ్చుకునే అడుగు. రాడ్డు మీద గాజుల చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. ఆయన స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. చెక్క కిర్రుమంది. తలుపు జరిగింది. గొళ్ళెం పడింది.

కూతురు వచ్చి తండ్రి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. అమ్మను తీసుకుపోతానని మళ్ళీ అనలేదు. అమ్మ చేతులు రాడ్డును ఇంకెన్నాళ్ళో పట్టుకోలేవని ఇద్దరికీ తెలుసు.

కాసేపటికి గొళ్ళెం తీసిన చప్పుడైంది. రాడ్డు మీద గాజులు మళ్ళీ కదిలాయి. ఆయాసంతో తెగుతున్న గొంతుతో, ఎన్నాళ్ళ క్రితమో ఆయన బస్సు వెనక నుంచి కండక్టర్లు అరిచినట్టు, ఆమె అంది.

"రైట్, రైట్."

ఆయన వెంటనే వెనక్కి తిరగలేదు. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.