రేవు నీళ్ళ బిందె

అప్పుడే తెల్లవారుతోంది. లోవమ్మ రేవు నుంచి నీళ్ళ బిందె చంకనెత్తుకుని వచ్చేసరికి కోడలు అశ్విని గుమ్మంలోనే నిలబడి ఉంది. బిందె లాక్కుని, నీళ్ళన్నీ వీధి కాలవలో కుమ్మరించేసింది.

లోవమ్మకి ఒళ్ళు మండిపోయింది. రాజమండ్రిలో చేపలు పట్టుకు బతికే ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డ నోట్లోనూ మొదట పడేది గోదారి నీళ్ళే. జ్వరమొచ్చినా, కడుపునొప్పొచ్చినా అవే మందు. భర్త అచ్చిబాబు బతికున్నన్నాళ్ళూ పడవ మీద నడి గోదారికి వెళ్ళి తెచ్చేవాడు. ఆయన పోయాక లోవమ్మే చీకటితో లేచి రేవు మెట్ల దగ్గర ముంచుకొస్తోంది.

"గోదారమ్మని కాలవలో పోస్తావటే? ఎంత పొగరే నీకు!"

"పాప మళ్ళీ వాంతి చేసుకుందత్తయ్యా! నీళ్ళు పడకే ఈ జబ్బని డాక్టరుగారు మీ ముందే చెప్పారు కదా. నేను నీళ్ళు కాచి ఇస్తుంటే, మీరు చాటుగా ఇవి పట్టిస్తున్నారు."

"నీ మొగుడు ఈ నీళ్ళు తాగే పెరిగాడు. దుక్కలా లేడూ?"

గణేష్‌బాబు తల్లికీ పెళ్ళానికీ చెప్పలేక వల సర్దుకుంటూ కూర్చున్నాడు. మంచం మీద మూడేళ్ళ రమ్యశ్రీ కళ్ళు లోపలికి పోయి, వాడిన తోటకూర కాడలా పడి ఉంది.

"పిల్లని తీసుకుని కడియం మా అమ్మ దగ్గరికి పోతున్నాను. ఈ ఇంట్లో రేవు నీళ్ళున్నన్నాళ్ళూ మళ్ళీ రాను," అంది అశ్విని.

"నా గోదారిలో ఏం విషముందో చూసే వస్తాను!" అంటూ లోవమ్మ ఖాళీ బిందెతో విసవిసా రేవుకి నడిచింది.

ఎండాకాలం. నీరు బాగా తీసింది. పుష్కరాల కోసం మెట్లకి రంగులేస్తున్నారు. తెల్లారిన వెలుతురులో, తాను రోజూ చీకట్లో బిందె ముంచే మెట్టు పక్కనే, నీళ్ళలోంచి పెద్ద గొట్టం మూతి బయటపడి కనిపించింది. అందులోంచి నల్లటి నీళ్ళు గుడగుడమని వస్తున్నాయి. కంపుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇదేంటయ్యా?" అంది రంగులేసే మనిషితో.

"పై రోడ్డు అపార్టుమెంట్లదండి. ఘాటు కట్టినప్పుడే వేశారు. నీళ్ళు నిండుగా ఉంటే కనపడదండి."

పై రోడ్డులో ఇంటింటికీ మంచినీళ్ళ పంపు. తమ వీధికి ట్యాంకరు, అదీ వస్తే వచ్చినట్టు. పుణ్యానికి ఓ మునక వేసి వెళ్ళిపోయేవాళ్ళకి మెట్లూ రంగులూనూ! ఇక్కడే పుట్టి ఇక్కడే చచ్చేవాళ్ళకి పై రోడ్డువాళ్ళ పాయిఖానా నీళ్ళు! లోవమ్మ ఖాళీ బిందెతోనే వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి అశ్విని పిల్లని భుజాన వేసుకుని, సంచీతో బయలుదేరుతోంది. లోవమ్మ గుమ్మంలో కూలబడి భోరుమంది.

"నా చేత్తోనే పోశానే అమ్మాయ్! వాళ్ళ మురుగు నా మనవరాలి నోట్లో నా చేత్తోనే పోశాను!"

గొట్టం సంగతి విని అశ్విని సంచీ కింద పెట్టి అత్త పక్కన కూర్చుంది. ఆమె కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"మీకు తెలియక పోశారత్తయ్యా. వాళ్ళు తెలిసే వదిలారు."

గణేష్‌బాబు వల పక్కన పడేసి పిల్లని ఎత్తుకున్నాడు. "నేను ఆసుపత్రికి తీసుకెళ్తాను. మీరిద్దరూ ఆ సంగతి చూడండి," అన్నాడు.

లోవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. రోజూ చేపలమ్మే గొంతుతోనే ప్రతి గుమ్మం ముందూ ఆగి పిలిచింది.

"బయటికి రండే! మన పిల్లలకి మనం ఏం తాగిస్తున్నామో చూద్దురుగాని, రండి!"