సబ్బు ప్రకటనకు మగ గొంతు

"ఈ పని నీకు ఇవ్వకూడదు. గతిలేక ఇస్తున్నా," అన్నాడు పెద్దాయన.

డిపార్ట్‌మెంటులో చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. ఎదురుగా నిలబడ్డ ఏజెంటు పేరు తాళం. అతను తెరవలేని తాళం ఊళ్ళో లేదని ఆ పేరు. ఎవరి గొంతునైనా ఇట్టే దించేసి ఆఫీసంతా పగలబడి నవ్వేలా చేసేవాడు. అదంతా మూడు వారాల కిందటి మాట. ఒకే మధ్యాహ్నం నగరంలో మూడుచోట్ల బాంబులు పేలాయి. రైల్వే ప్లాట్‌ఫాం మీద తాళం చెల్లెలు చనిపోయింది. ఆమె భర్తకి ఒక కాలు పోయింది.

నగరం ధైర్యంగా లేచి నిలబడిందని టీవీవాళ్ళు పొగుడుతున్నారు. ఆ మాట వింటే తాళానికి ఒళ్ళు మండిపోతుంది. లేవక ఏం చేస్తారు? అద్దెలు కట్టొద్దూ? బస్సులో ఎవడైనా సీటు కింద సంచి పెడితే పక్కవాడు దిగిపోతున్నాడు. పిల్లల్ని బడికి పంపిన తల్లులు గేటు దగ్గరే కూర్చుంటున్నారు. దాన్ని ధైర్యం అంటారా? బోనులో పడ్డ ఎలుకలు కూడా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి.

"బ్రీఫింగ్ విను," అన్నాడు పెద్దాయన. "ఫారిన్ ముఠా. నాలుగో బాంబు రెడీగా ఉంది. ఎక్కడో తెలీదు. మన డబుల్ ఏజెంట్ ఒకామె వాళ్ళలో ఉంది. కోడ్ నేమ్ గులాబీ. డబ్బింగ్ ఆర్టిస్ట్. నువ్వు కొత్త ఆర్టిస్టువి. కాంటాక్ట్ చెయ్, ఆమెకి తెలిసింది పట్టుకురా."

"ఆమెని నమ్మొచ్చా?"

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తుడిచాడంటే ఏదో దాస్తున్నాడని లెక్క. "నమ్మకం సంగతి తర్వాత. చేతులు మాత్రం దగ్గర పెట్టుకో," అన్నాడు.

పదకొండున్నరకి తాళం విగ్గూ అతికించిన మీసమూ తగిలించుకుని స్టూడియోలో అడుగుపెట్టాడు. ఒక రికార్డింగ్ గది, దానికి అద్దం అవతల మీటల బల్ల ఉన్న కన్సోల్ గది. కన్సోల్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న సౌండ్ ఇంజనీరు. బట్టతల, మెత్తటి మాట, ముప్ఫై ఏళ్ళ అనుభవం. "లోపలికి వెళ్ళండి సార్, వాయిస్ టెస్ట్ చేద్దాం," అన్నాడు మర్యాదగా.

లోపల మైకు ముందు గులాబీ. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, గది నిండా సెంటు. తాళం కోడ్ వర్డ్ అడిగాడు: "ఇవాళ గొంతు ఎలా ఉందండీ?"

"అరువు గొంతు. ఎలా ఉంటే ఏం?" సరైన జవాబే. కానీ చెబుతూ ఆమె అద్దం వైపు తల తిప్పింది.

వెనక తలుపు మూసుకుంది. తాళం తిరిగి చూశాడు. తలుపుకి లోపలి వైపు హ్యాండిల్ లేదు. హ్యాండిల్ ఉండాల్సిన చోట నాలుగు స్క్రూ రంధ్రాలు మిగిలాయి.

స్పీకర్లోంచి ఇంజనీరు గొంతు వినిపించింది. "మీసం బాగా అతుక్కోలేదు సార్. అమ్మా గులాబీ, నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో నాకు నిన్ననే తెలిసింది. సరిగ్గా పన్నెండుకి లైవ్. ఇద్దరూ బుద్ధిగా ఉంటే అయ్యాక తలుపు తీస్తా."

"తీసినట్టే, మేం నమ్మినట్టే," అన్నాడు తాళం. వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. చప్పుడు లేదు. గోడల్లో రాగి వల ఉంది, సిగ్నల్ దాటదు. ఇక జేబులో మిగిలింది కారంత ఖరీదు చేసే పెన్ను. పాళీ లాగితే స్క్రూడ్రైవర్ అవుతుంది. తిప్పడానికి తలుపుకి ఒక్క స్క్రూ కూడా మిగల్చలేదు మహానుభావుడు.

"చెప్పు," అన్నాడు ఆమెతో. "వాడు మైకు ఆపేశాడు, వినడు. లైవ్ ఏంటి?"

"పన్నెండు గంటల వార్తల ముందు రేడియోలో ఒక సబ్బు ప్రకటన వస్తుంది. ఇక్కణ్ణించే లైవ్‌గా వెళ్తుంది. ఆడ గొంతు వస్తే పేల్చమని. మగ గొంతు వస్తే బాంబు తీసుకుని వచ్చేయమని. బాంబు దగ్గర ఉన్నవాడు రేడియో పెట్టుకుని కూర్చుంటాడు."

"అసలు ప్రకటనే రాకపోతే?"

"అప్పుడూ పేలుస్తాడు. ఇంజనీరు దొరికిపోయాడని అనుకుంటారు. దొరికినవాణ్ణి వాళ్ళు బతకనివ్వరు. అందుకే ఇతనికి ఎలాగైనా నా చేత చదివించాలి. నువ్వు నోరు తెరిస్తే ఫేడర్ మీట దించేస్తాడు, గొంతు బయటికి పోదు."

"బాంబు ఎక్కడ?"

"పెద్దాసుపత్రిలో. మొన్నటి పేలుళ్ళలో దెబ్బతిన్నవాళ్ళున్న వార్డులో. ఈ ఉదయమే తెలిసింది. చెప్పే దారి లేకపోయింది."

ఆ వార్డులో కిటికీ పక్క మంచం మీద తాళం బావ ఉన్నాడు. చెల్లెలి తరఫున ఈ లోకంలో మిగిలింది అతనొక్కడే.

ఉన్నట్టుండి ఒక ఆలోచన తట్టి ఆమె వైపు తిరిగాడు. "మొన్న పేలుళ్ళప్పుడు చదివిన ఆడ గొంతు ఎవరిది?"

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నాదే. తలనూనె ప్రకటన అన్నారు. చదివాను. ఇంటికెళ్ళి అన్నం తింటూ టీవీ పెట్టాను. తర్వాత సంగతి తెలిసి మీ పెద్దాయన దగ్గరికి వెళ్ళి కాళ్ళమీద పడ్డాను. డబుల్ ఏజెంట్ అయ్యింది ఆ తర్వాతే."

అదీ పెద్దాయన దాచింది. తాళం చేతులు వాటంతటవే లేచాయి. ఆమె మెడ రెండడుగుల దూరంలో ఉంది. చెల్లెలి చివరి ఊపిరి ఈ గొంతులోంచే బయటికెళ్ళిపోయిందనిపించింది. తలుపు తెరిచి ఉంటే బయటికి పారిపోయేవాడేమో. తలుపు లేదు. ఇక్కడ తనూ, ఆమే, నిమిషాల ముల్లూ ఉన్నాయి.

"చంపాలనుంటే చంపు," అంది ఆమె. "కానీ పన్నెండు దాటాక."

తాళం చేతులు దించాడు. మైకు స్టాండు వెనక్కి వెళ్ళి, నుదురు పట్టుకుని కుంగిపోయినట్టు కింద కూర్చున్నాడు. ఇంజనీరుకి అద్దంలోంచి వంగిన వీపు మాత్రమే కనిపిస్తుంది. పెన్ను పాళీ లాగి, మైకు వైరు కనెక్టరు స్క్రూ ఒకటిన్నర చుట్టు వదులు చేశాడు.

"లైన్ చెక్," అన్నాడు స్పీకర్లో ఇంజనీరు. మైకు ఆన్ చేశాడు. వెంటనే ముఖం చిట్లించాడు. "ఏంటా హమ్?"

గుయ్యిమంటూ ఒకటే మోత. ఆ మోతతో పంపితే రేడియోవాళ్ళు లైన్ కట్ చేసి పాట వేస్తారు. ప్రకటన రాదు. ప్రకటన రాకపోతే అతని ప్రాణానికే ముప్పు. బల్ల సొరుగులోంచి పిస్టల్ తీసి, లేచి వచ్చాడు.

"ఇద్దరూ గోడవైపు తిరగండి. కదిలారో కాల్చేస్తా."

తిరిగారు. లోపలికొస్తూ ఇంజనీరు ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పని చేశాడు. కాలి మడమతో తలుపును మెత్తగా వెనక్కి నెట్టి మూసేశాడు. గదిలో హమ్ వెతికేటప్పుడు తలుపు తెరిచి ఉంచే సౌండ్ ఇంజనీరు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. టక్కుమని గొళ్ళెం పడింది. తరవాత వైరు పట్టుకుని, అలవాటు ప్రకారమే, చెవి పక్కకి వంచి కళ్ళు మూసుకున్నాడు.

ఓరకంట చూస్తున్న తాళానికి ఆ ఒక్క క్షణం చాలు. మోచేయి మెడమీద పడింది. పిస్టల్ గులాబీ కాళ్ళ దగ్గరికి జారింది. ఇంజనీరు తలుపు మీదికి దూకి, హ్యాండిల్ కోసం తడిమి, నాలుగు రంధ్రాలమీద వేళ్ళు పెట్టుకుని ఆగిపోయాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఇంత తొందరగా పడతారని తాళం కూడా అనుకోలేదు. రెండో దెబ్బకి అతను గోడకి జారగిలబడ్డాడు.

ముగ్గురూ ఇప్పుడు ఒకే డబ్బాలో ఉన్నారు. అద్దం అవతల ఖాళీ కుర్చీ, పైకే ఉన్న ఫేడరు. గులాబీ పిస్టల్ ఇంజనీరు వైపు పట్టుకుంది. తాళం కనెక్టరు బిగించాడు. హమ్ పోయింది. గోడమీద గడియారంలో పన్నెండుకి నిమిషం కూడా లేదు.

"చదువు," అని గులాబీ కాగితం చేతికిచ్చింది.

తాళం మొదటి లైను చూశాడు. "చెల్లెమ్మా! ఎండలో తిరిగొచ్చినా ఆ తాజాదనం ఎక్కడిదమ్మా?"

"నావల్ల కాదు," అన్నాడు. కాగితం తిరిగి ఆమెకి ఇవ్వబోయాడు.

"నవ్వుతూ చదవాలి. ఏడుపు గొంతు వినిపిస్తే కట్ చేస్తారు. పెదాలు సాగదియ్యి. నవ్వు రాకపోయినా ఫరవాలేదు, పెదాలు నవ్వితే గొంతు నవ్వుతుంది. నా వైపు చూడకు. తనే ఎదురుగా ఉందనుకో."

రేడియోవాళ్ళు లైన్ కలపగానే ఎర్రలైటు వెలిగింది.

తాళం పెదాలు సాగదీశాడు. బుగ్గలమీద కన్నీళ్ళు కారుతున్నాయి. "చెల్లెమ్మా!" అన్నాడు. చిన్నప్పుడు వీధి చివర్నుంచి కేకేసినట్టు అన్నాడు. తర్వాత లైన్లు ఎలా చదివాడో అతనికే తెలియదు. సువాసన అన్నాడు, నురగ అన్నాడు, ఇంటిల్లిపాదికీ అన్నాడు. చివర కాగితంలో లేని ముక్క ఒకటి చేర్చాడు: "పెద్దాసుపత్రి గేటు ఎదురుగా, పెద్దాయన కొట్లో మాత్రమే దొరుకుతుంది. త్వరపడండి!"

లైటు ఆరిపోయింది. గోడ దగ్గర ఇంజనీరు కళ్ళు తెరిచి, "రెండోచోట ఊపిరి మైకులో కొట్టింది," అని గొణిగాడు.

ఇక ఎదురుచూడటమే. సువాసన గురించి చదివిన గదిలో ముగ్గురి చెమట కంపు. పేలుడు జరిగినా ఈ గోడల్లోకి వినిపించదు. ఆ సంగతే తాళాన్ని తినేస్తోంది.

చివరికి కన్సోల్ గదిలోకి మనుషులు పరుగెత్తుకొచ్చారు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పెద్దాయన. "రేడియోలో నీ మాట విన్నాం. వాణ్ణి గేటు దగ్గర పట్టుకున్నాం. సంచితో సహా. వార్డులో అందరూ క్షేమం," అన్నాడు.

తాళం ఆయన చొక్కా పట్టుకున్నాడు. "ఈమే చదివిందని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వెళ్ళేవాడివా? వెళ్ళినా, ఈమె బతికి ఉండేదా?"

తాళం చొక్కా వదిలేశాడు. గులాబీ అతని వైపు చూసింది. "క్షమించమని అడగను," అంది.

"అడక్కు," అన్నాడు తాళం. "నేను క్షమించను కూడా. ఇవాళ నువ్వు చేసింది మాత్రం మర్చిపోను."

సాయంత్రం వార్డుకి వెళ్ళాడు. బావ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ మంచాల మధ్య మధ్యాహ్నం ఏం తప్పిపోయిందో అక్కడ ఎవరికీ తెలియదు, చెప్పే హక్కు తాళానికీ లేదు. పక్క మంచం మీద ట్రాన్సిస్టర్ పాడుతోంది.

"బావా, మధ్యాహ్నం రేడియోలో ఎవడో సబ్బు ప్రకటన చదివాడు," అన్నాడు బావ, కిటికీలోంచి చూస్తూ. "చెల్లెమ్మా అన్నాడు చూడు. అచ్చం నువ్వు దాన్ని పిలిచినట్టే అనిపించింది. ఇన్నాళ్ళకి కడుపారా ఏడ్చాను."

తాళం అతని చెయ్యి పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

"మిగతాదంతా ఘోరం అనుకో," అన్నాడు బావ ముక్కు తుడుచుకుంటూ. "ఆ సబ్బు మాత్రం చచ్చినా కొనకు."