అమ్మ చెయ్యి, కొత్త కార్డు

ఆ ఉదయం కూడా తల్లి టీ తాగేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి మొద్దుబారినప్పటి నుంచీ ఆమెకు రోజూ ఇదే పని. తెర పైనుంచి అక్షరాలు ఒక్కొక్కటే రాలుతుంటాయి. అడుగుకు చేరేలోపు ఆ మీట నొక్కాలి. ఏళ్ల తరబడి ఆఫీసులో టైపు మిషన్ మోత మోగించిన మనిషికి ఇది పిల్లల ఆటే. కానీ దానివల్లే వేళ్లు కాస్త కాస్తగా మాట వింటున్నాయి. సెలవు అయిపోయేలోపు మళ్లీ ఉద్యోగంలో చేరాలని ఆమె పట్టు.

కూతురు అదే కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. ఒక్క గోడ జరిపితే బొమ్మ మళ్లీ కనబడేసరికి ప్రాణం విసిగిపోయేది. కొత్తది కొనే స్తోమత లేదు. ముందురోజు తల్లీ తండ్రీ ఆసుపత్రికి వెళ్లినప్పుడు పెట్టె విప్పి, పాత ప్రాసెసర్ తీసి పక్కన పెట్టి, లోపల ఖాళీ గాడిలో కొత్త ప్రాసెసర్ కార్డు బిగించింది. పాత కంప్యూటర్‌కు కొత్త మెదడు వచ్చినట్టే. ప్లాను చిటికెలో తెరమీదికొచ్చింది. చెబితే మాత్రం వాళ్లకేం అర్థమవుతుందిలే అనుకుని ఊరుకుంది.

తల్లి ఆట మొదలుపెట్టింది. అక్షరాలు వడగళ్లలా కురిశాయి. ఒక్కటీ అందలేదు. మళ్లీ ఆడినా అంతే. కంప్యూటర్ ఆపేసి, వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు. ఏడవడానికి కూడా లోపల ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాత చెంచా ఎడమచేతికి మారింది. వ్యాయామం ఆగిపోయింది. ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడేది. కూతురు ప్లాన్లలో తలమునకలై ఉంది.

ఒక పొద్దున తల్లి భర్తతో అంది, "ఆఫీసుకెళ్లి నేనింక రానని చెప్పేసి రండి."

కూతురు ఉలిక్కిపడింది. "అదేంటమ్మా? మొన్నటిదాకా బాగానే ఉన్నావుగా!"

"ఉన్నాననుకున్నా. వేళ్లు పోయాయి. ఆటలో తెలిసిపోయింది."

"కాస్త ఓపిక పట్టకుండా అన్నీ వదిలేస్తే ఎలా?"

"నీ కంప్యూటర్ మీద పెట్టే చూపులో పిసరంత అమ్మ మీద పెట్టుంటే తెలిసేది ఎలాగో!" తండ్రి గొంతు పెంచాడు.

కూతురికి ఉక్రోషం వచ్చింది. వెళ్లి ఆట తెరిచింది. "ఇదేమన్నా బ్రహ్మవిద్యా?" అంటూ మీటల మీద వేళ్లు పెట్టింది. ఒక్క అక్షరమూ అందలేదు. ఇంకోసారి చూసింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా... నీ చెయ్యి కాదు. నేను కొత్త కార్డు పెట్టాను. ఇది పాత ఆట కదా, కంప్యూటర్ ఎంత ఉరికితే ఇదీ అంత ఉరుకుతుంది."

"నన్ను ఊరడించకు."

"ఒట్టు! నాన్నా, నువ్వు కూర్చో."

తండ్రి కళ్లజోడు సర్దుకునేలోపే ఆట అయిపోయింది. "నా చేతులకేం రాలేదుగా?" అన్నాడు బిక్కమొహం వేసి.

ఎవరూ నవ్వలేదు. కూతురు పెట్టె విప్పి కార్డు లాగేసి, పాత ప్రాసెసర్‌ను దాని చోట పెట్టింది.

"నీకు అర్థం కాదనుకున్నానమ్మా. అందుకే చెప్పలేదు."

"చెప్పకపోతే పోయె. ఇన్నాళ్లు అలా పడుంటే, ఎందుకని ఒక్కసారైనా అడగలేదే!"

కూతురు తల్లి ఒడిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

తల్లి కాసేపటికి కుర్చీలోకి మారింది. అక్షరాలు నెమ్మదిగా రాలాయి. మొదటిది తప్పిపోయింది. రెండోది అందింది. మూడోదీ అందింది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. కన్నీళ్లలో తెర కనబడక తర్వాతి అక్షరాలన్నీ నేలపాలయ్యాయి.

కూతురు చెయ్యి చాచి ఆటను మళ్లీ మొదటినుంచి పెట్టింది.