ఒక కాలు ఓడలో, ఒక కాలు గట్టు మీద

జూలై పద్దెనిమిది. ఆ మధ్యాహ్నం మేం చెన్నై పోర్టులో పులిహోర, గారెలు తిన్నాం. బయటి తిండి ఓడలోకి తేకూడదని సెక్యూరిటీ వాళ్లు చెప్పగానే మా అత్తమ్మ సోమమ్మ లైను పక్కన నేల మీదే కూర్చుని డబ్బా మూత తీసింది.

"పారేస్తనా? తినే పోత," అంది.

లైనులో ఉన్నవాళ్లందరి చేతుల్లో తలా ఒక గారె పెట్టింది. మా వెనకున్నామె రెండోది అడిగి మరీ తీసుకుంది.

"ఏ ఊరండీ మీది?" అంది నములుతూనే.

"సూర్యాపేట. మీది?"

"కోదాడ. మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తా. ఆఫీసు వాళ్లతో వచ్చా. రజని."

"నగేష్. మిర్యాలగూడలో లెక్చరర్ని."

"అది చెప్పక్కర్లేదు లెండి. లైన్లో కూడా ఇటు తిరిగి నిలబడి అందరికీ అటెండెన్స్ వేస్తున్నారు."

నేను గబుక్కున అటు తిరిగాను.

నా భార్య శ్రీవాణి పోయి నాలుగేళ్లు. అత్తమ్మకు ఆమె ఒక్కతే బిడ్డ. దినాలయ్యాక అత్తమ్మ తన ఊరు మాడుగులపల్లికి తిరిగి వెళ్లలేదు, నేను వెళ్లమనలేదు. ఒకరికొకరం మిగిలాం. సముద్రం ఎట్లుంటదో అని ఆమె ఒకసారి అంది. అందుకే ఈ విహార ఓడ టికెట్లు. చెన్నైలో ఎక్కి, పుదుచ్చేరి, విశాఖ చూసి, మళ్లీ చెన్నైలోనే దిగడం.

పుదుచ్చేరిలో జల్లు పట్టుకుంది. రజని ఆఫీసు వాళ్లను వదిలి మాతో వచ్చింది. పసుపు గోడల వీధిలో ముగ్గురం ఒకే గొడుగు కింద నడిచాం. రజని ఒక పాత గోడను వేలితో తట్టింది.

"అంతా సున్నం. సిమెంటే లేదు, అయినా ఎట్లా నిలబడిందో చూడండి. మా మేనేజర్‌కి మాత్రం చెప్పకండి."

అత్తమ్మ పడీపడీ నవ్వింది. నవ్వీ నవ్వీ, మోకాళ్లు గుంజుతున్నాయంటూ ఒక అరుగు మీద కూలబడి, గొడుగు మా ఇద్దరికీ వదిలేసింది. నొప్పి నిజమేననుకున్నాను.

విశాఖలో జలాంతర్గామి మ్యూజియం చూశాక ఆమె మాకంటే ముందే ఓడకు వెళ్లిపోయింది. మేం పోర్టు గేటు బయట టీ బండి దగ్గర ఆగాం. మనసు తేలని వేళ వేడి టీ దొరకడం చిన్న అదృష్టం కాదు.

"ఎల్లుండి చెన్నైలో దిగిపోతాం," అంది రజని. "తర్వాత మీరు బోర్డు ముందు, నేను సిమెంటు దుమ్ములో. చెప్పేది ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పేయండి."

"ఉంది. మీరంటే ఇష్టం. కానీ..."

"ఆ కానీ పేరు సోమమ్మ గారా?"

"ఆమె బిడ్డ ఉండాల్సిన చోట ఇంకొకరిని ఎట్లా చూపించాలి? ఆమె సంచి సర్దుకుని వెళ్లిపోతే నేను తట్టుకోలేను."

రజని గ్లాసు కింద పెట్టింది. "ఆమె వెళ్లిపోయే ఇంటికి నేనూ రానండి."

ఓడ కూత వేసింది.

"పోదామా?" అంది.

"ఇంకో టీ తాగొచ్చు," అన్నాను. సూర్యాపేటలో పెరిగినవాడిని. హైవే బస్సులు మా ఊళ్లో టీకి ఆగుతాయి. డ్రైవర్ మొదటిసారి హారన్ కొడితే ఎవరూ లేవరు, అప్పుడే రెండో టీ చెబుతారు.

టీ బండాయన మా మెడల్లో కార్డులు చూశాడు. "ఓడోళ్లా మీరు? అదెళ్లిపోతందండి బాబూ."

వానలో పరుగెత్తాం. రజని చెప్పులు చేత పట్టుకుని నాకంటే ముందుంది.

ఓడ మెట్ల వంతెన మొదట్లో అత్తమ్మ నిలబడి ఉంది. ఒక కాలు వంతెన మీద, ఒక కాలు గట్టు మీద. మా దిక్కున బస్సు ఆపే పద్ధతి అది. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టిన పెద్దమనిషి ఉండగా ఏ డ్రైవరూ బండి కదిలించడు. తెల్ల యూనిఫాం ఆఫీసరు ఆమెకు దండం పెడుతున్నాడు.

"అమ్మా, టైమైపోయింది. లోపలికి రండి."

"జర ఆగు నాయినా, పరేషాన్ గాకు. గాడ ఉరికొస్తున్నరు సూడు. నా అల్లుడు, నా బిడ్డ. ఆళ్లు ఎక్కకుంట ఇది కదలది."

రజని ఉన్నచోటే ఆగిపోయింది. నేనూ ఆగాను.

"గాడనే నిలబడ్డరేంది? ఎక్కుండ్రి," అని కసిరింది అత్తమ్మ.

పైన డెక్ మీదివాళ్లంతా చప్పట్లు కొట్టారు. రజని ఆమె చేయి పట్టుకుని వంతెన ఎక్కించింది. ఆ చప్పట్ల మధ్య, ఏదో గెలిచి వస్తున్నవాడిలా, తడిసి ముద్దయి నేను వెనక నడిచాను.

"నీకెట్ల తెలిసింది అత్తమ్మా?" అన్నాను లోపలికి వెళ్లాక.

"ఓడెక్కినసంది దినాం గడ్డం గీకుతున్నవ్. తెల్వదా?"

"శ్రీవాణి జాగల..."

"శ్రీవాణి జాగ శ్రీవాణిదే. ఈ పిల్లకు మనింట్ల ఇంకో జాగ లేదా?"

"నువ్వు పోతవేమోనని భయమైంది."

"యాడికి పోత? నేను పోతె మీకు ఎవలు వండుతరు?" అని రజని వైపు తిరిగింది. "నీకు వంటొస్తదా బిడ్డా?"

"రాదండి," అంది రజని, కళ్లు తుడుచుకుంటూ నవ్వి.

"మంచిదాయె. ఇగ నన్ను పొమ్మనేటోళ్లు లేరు."

రాత్రి భోజనాలయ్యాక క్యాబిన్ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ ఒకసారి చూసింది అత్తమ్మ. "పైన గాలి మంచిగున్నది. జరసేపు తిరిగి రాండ్రి," అంటూ తాళం కార్డు నా చేతిలో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.