కాసులపేరులో చిక్కిన సూర్యుడు

సాగరగిరి రాజుగారూ, సూర్యుణ్ణి కట్టేసింది మీరే. వంత పాడిన మంత్రులారా, మీకూ అందులో పాలుంది.

ఈజిప్టు ఓడలు గోరంత బంగారు కాసులు తెచ్చాయి. ఒకదానిమీద నక్కతల దేవుడు, ఒకదానిమీద పిల్లిదేవత, ఒకదానిమీద సూర్యుడెక్కే పడవ. రాజు నూట ఎనిమిది పోగేశాడు. అంతటితో ఊరుకున్నాడా? ప్రతి కాసుకీ కొక్కెం అతికించి, దారానికి గుచ్చి, రాణికి కాసులపేరు చేయించాడు. ఆ మధ్యాహ్నం నుంచి సూర్యుడు నడినెత్తిన ఆగిపోయాడు. పొద్దు గుంకదు. ఎవరికీ కన్ను మూతపడదు.

ఆ కొక్కేలు అతికిన కంసాలి కూతురు నూకాలు. ఆమె మూడు నెలల చెల్లెలు నిద్రలేక, పాలు పట్టక వాడిపోతోంది. ఇంకెంతో కాలం బతకదన్నారు. నూకాలు తిన్నగా రాణి దగ్గరికి పోయి పడవ కాసు అడిగింది. నిద్రకు మొహం వాచిన రాణి మారుమాట లేకుండా తెంపి ఇచ్చింది.

నూకాలు కొక్కెం కోసేసింది. అయినా సూర్యుడు కదల్లేదు. పడమటి గుహలోని ఏటిలో కాసును వదలాలని, ఆ కాసులు తెచ్చిన ఓడ నడిపే సరంగు చెప్పాడు. వెంటనే నూకాలు అడవి దారి పట్టింది.

దారికి అడ్డంగా ఏనుగంత పిల్లి. దానికీ నిద్రలేదు, జోల పాడితేనే పోనిస్తానంది. నూకాలుది బొంగురు గొంతు. రెండో చరణానికే పిల్లి చెవులు మూసుకుని తప్పుకుంది. ఆపైన కొండంత పేడపురుగు తన ఉండ దొర్లించమంది. చేతులు బొబ్బలెక్కేదాకా దొర్లించింది.

గుహ ముందు నక్కతల దేవుడు త్రాసు పట్టుకుని నిలబడ్డాడు. ఒక పళ్లెంలో ఈక పెట్టాడు, రెండో దాంట్లో నూకాలు గుండె. గుండె ఈకకన్నా బరువైతే లోపలికి దారి లేదు. గుండె ఉన్న పళ్లెం నేలకు తగిలింది.

"లోపల ఏం దాచావు పిల్లా?"

"తప్పు రాజుది." పళ్లెం కదల్లేదు.

"అతికింది మా అయ్య." కదల్లేదు.

"అతికేటప్పుడు నిప్పు మీద ఊదుగొట్టం ఊదింది నేను సామీ. పడవకి కొక్కెం పెట్టొద్దని సరంగు ముందే నాతో అన్నాడు. కోటలో మెచ్చుకుంటారని ఆశపడి ఎవరికీ చెప్పలేదు."

పళ్లెం పైకి లేచింది.

"పో. ఆ కాసులపేరులో నా మెడకీ ఒక కొక్కెం ఉంది, నొప్పెడుతోంది. మరిచిపోకు."

ఏటిలో వేయగానే కాసు నిండు పడవై సాగిపోయింది. బయట పొద్దు గుంకింది. ఆమె ఇల్లు చేరేసరికి చెల్లెలు నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

పొద్దున కొలువులో రాజు పొంగిపోయి, కొడుకునిచ్చి పెళ్లి చేస్తాననీ, అర్ధరాజ్యం ఇస్తాననీ అన్నాడు. నూకాలు నడుము దగ్గరున్న కత్తెర తీసింది.

"పెళ్లి సంగతి తరవాత. ముందు ఆ కాసులపేరు తెప్పించండి. మిగిలిన నూట ఏడు కొక్కేలూ ఇప్పుడే, ఇక్కడే తెగాలి. నేను కోస్తాను. మీరు కింద కూచుని కాసులు పట్టుకోండి, రాజుగారూ."