అణగని మంచు

ఫ్లోరియన్ గ్రూబర్‌ను మంచులోంచి తవ్వి తీసేసరికి కాళ్లకు స్కీలు ఉన్నాయి, నెత్తిన టోపీ ఉంది, గ్లవ్స్ మాత్రం శుభ్రంగా మడతపెట్టి జేబులో ఉన్నాయి. లానెక్ పోలీసులు ప్రమాదం అని రాసుకుని ఫైలు మూసేశారు. వియన్నాలో గూఢచారి శాఖ అధిపతి, 'హోఫ్రాట్' బిరుదున్న ట్రౌట్మన్, ఆ ఫైలు మళ్లీ తెరిచాడు.

"మైనస్ పదిహేనులో ఉత్త చేతులతో స్కీయింగ్ చేసేవాణ్ణి ఎక్కడైనా చూశావా?"

"బతికున్నవాణ్ణి చూడలేదు సార్. చంపాక ఎవరో తొడిగారు ఆ స్కీలు," అన్నాడు ఏజెంట్ క్విరిన్ మోజర్.

ఫ్లోరియన్, అతను ఒకే బెంచీ మీద కూర్చుని ట్రైనింగ్ పూర్తిచేశారు. హోఫ్రాట్ ముందు కన్నీళ్లు బాగుండవు కాబట్టి క్విరిన్ కాసేపు కిటికీలోంచి ట్రాములు చూశాడు.

హోఫ్రాట్ ఒక టెలిగ్రామ్ ముందుకు తోశాడు. లానెక్ నుంచి ఫ్లోరియన్ పంపిన ఆఖరి సందేశం. నాలుగే మాటలు: *మంచు లెక్కలు సరిగ్గా సరిపోతున్నాయి.*

"కోడ్ సెక్షన్ రెండు రోజులు తలలు బద్దలు కొట్టుకుంది. ఏమీ దొరకలేదు. ఇక అసలు పని విను. శుక్రవారం పదకొండు గంటల పోస్టు బస్సులో సరిహద్దు అవతలి నుంచి ఒక ఇంజనీర్ లానెక్ కనుమ దాటుతున్నాడు. పేరు వెసెలీ. వెంట భార్య, ఆరేళ్ల కూతురు. సెలవులకొచ్చిన కుటుంబం వేషం. అతని తలలో ఉన్న రాడార్ బొమ్మలు మనకు కావాలి, అవి మనకు చేరడం అవతలివాళ్లకు ఇష్టం లేదు."

"దారి మార్చమని కబురు పెట్టొచ్చుగా?"

"ఇల్లు వదిలేశాడు. ఎక్కడున్నాడో నాకూ తెలీదు. బస్సు ఎక్కుతాడని మాత్రం తెలుసు."

"లానెక్‌లో మనవాళ్లెవరు?"

"మార్గిట్ షాలాయ్. అక్కడి రేడియోలో మంచు బులెటిన్ చదివేది ఆవిడే. మన మనిషి." హోఫ్రాట్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "చాలావరకు."

క్విరిన్‌కు స్కీ మైనం అమ్మే సేల్స్‌మన్ వేషం ఇచ్చారు. ఇరవై డబ్బాల మైనం, ఒక్క గుండు పేలే స్కీ కర్ర కూడా ఇచ్చారు. గుండు ఒక్కటే ఎందుకని అడిగితే స్టోర్స్ గుమస్తా, రెండోది కావాలంటే వేరే ఫారం నింపాలన్నాడు.

*

గురువారం మధ్యాహ్నం, ఊరికున్న ఒకే దారి కనుమ రోడ్డు మీదుగా, లానెక్‌లో దిగాడు. మూడు రోజులుగా గాలి ఊరిని కొరడాతో కొడుతోంది. కొండమీదికి మనుషుల్ని మోసే పై లిఫ్టులు ఆపేశారు. ఊళ్లో పడిన మంచు మడమ దాటలేదు. గాలి పట్టుకొచ్చినదంతా ఎక్కడో పైన దించేస్తోంది.

రేడియో గది కింది లిఫ్టు స్టేషన్ మేడ మీద ఉంది. మార్గిట్ తెల్లటి ఊలు స్వెట్టరులో, పగడాల చెవిపోగులతో, మైకు పక్కన గోళ్లకు రంగు వేసుకుంటోంది. ఆ గొంతు వినడానికే లోయలో సగంమంది మగవాళ్లు పొద్దున్నే లేస్తారని అంటారు. చూశాక క్విరిన్ ఆ మాట నమ్మాడు.

"రేపు పొడి మంచు దొరుకుతుందాండీ?" అని కోడ్ మాట అన్నాడు.

"గాలిని అడగాలి." జవాబు సరిగ్గానే ఇచ్చింది. తర్వాత నవ్వింది. "అండీ గిండీ వద్దు. వెయ్యి మీటర్ల పైకి వచ్చాక మా దగ్గర అందరూ 'నువ్వే'. ఫ్లోరియన్‌కి కూడా మొదటి రోజు ఇదే చెప్పాను."

"చివరి రోజు ఏం చెప్పావు?"

గోళ్ల రంగు బ్రష్ ఒక్క క్షణం ఆగింది. "బాగా డాన్స్ చేస్తావని చెప్పాను," అంది.

ఈవిడ ఏదో దాస్తోంది. క్విరిన్‌కు అది ఖాయంగా అనిపించింది. కానీ లానెక్‌లో ఏదీ దాచనివాళ్లు కనిపిస్తేగా! సత్రం యజమాని అలోయిస్ మైనం ధర అడగకుండా గది ఎన్నాళ్లు కావాలని మూడుసార్లు అడిగాడు. డాక్టర్ కెస్లర్ అనే పెద్దమనిషి, ఉత్తరాన ఏదో దేశం నుంచి వచ్చిన మంచు శాస్త్రవేత్తట, అడక్కుండానే క్విరిన్ సూట్‌కేసు మోసిపెట్టాడు. సూట్‌కేసు బరువు చూడ్డానికా, మర్యాదకా? మర్యాదస్థుల్ని నమ్మకపోవడం క్విరిన్‌కు వృత్తి నేర్పిన జబ్బు.

హాల్లో పొయ్యి పక్కన ఒక ముసలావిడ కుడిచేతికి కట్టు వేసుకుని, ఎడంచేత్తో సూప్ తాగలేక తిట్టుకుంటోంది. బుర్గా. ముప్పై ఏళ్లుగా లానెక్ మంచు కొలిచేది ఆవిడే. కొండ పైన చుట్టూ తాడు కట్టిన చిన్న మడి, అందులో గీతలు గీసిన కర్ర. పొద్దున ఏడింటికి కొలిచే బుర్గా తప్ప ఇంకెవరూ ఆ తాడు దాటకూడదు. మంచు తొక్కితే లెక్క పాడవుతుంది. ఊళ్లో పసిపిల్లలు కూడా ఆ తాడు దాటరు.

"చెయ్యి ఎలా విరిగింది పెద్దమ్మా?"

"నా గుమ్మంలో నేనే జారాను. ముప్పై ఏళ్లు కొండెక్కి దిగినదాన్ని, గుమ్మంలో! తలకొట్టేసినట్టుంది." గొంతు తగ్గించింది. "రెండు వారాలుగా ఆ డాక్టరుగారు కొలుస్తున్నాడులే. ఆ కాగితాలు నాకు చూపించొద్దని, రేడియో నా ముందు పెట్టొద్దని అలోయిస్‌కి చెప్పాను. చూస్తే ఏడుపొస్తుంది."

*

శుక్రవారం ఏడున్నరకు మార్గిట్ గొంతు లోయంతా పరుచుకుంది. మంచు అంకెలు చదివి, రోజూలాగే, మూడు రోజులకు మించి వాతావరణం ఎవరు చెప్పినా నమ్మొద్దని ముగించింది. సత్రం గోడ మీద అలోయిస్ ఆ అంకెలే అంటించాడు. క్విరిన్ కాఫీ చేత్తో పట్టుకుని నిలబడి చదివాడు.

మంగళవారం మొత్తం మంచు రెండొందల ఒకటి సెంటీమీటర్లు. బుధవారం కొత్తది తొమ్మిది, మొత్తం రెండొందల పది. గురువారం కొత్తది ఎనిమిది, మొత్తం రెండొందల పద్దెనిమిది. ఇవాళ కొత్తది పదకొండు, మొత్తం రెండొందల ఇరవై తొమ్మిది.

కాఫీ చల్లారిపోయింది. క్విరిన్ తండ్రి కూడా పక్క లోయలో మంచు కొలిచినవాడే. పది పడితే మొత్తం పది పెరగదు. కొత్త మంచు బరువుకు పాత మంచు అణుగుతుంది, కొత్తది కూడా తన బరువుకు తానే కుంగుతుంది. నిజంగా కొలిచి రాసిన ఏ లెక్కల పుస్తకంలోనూ ఆ కూడిక కుదరదు. ఈ మంచు ఒక్క రోజు కూడా అణగలేదు. ఎవరో గదిలో కూర్చుని కూడికలు వేశారు.

ఫ్లోరియన్ చెప్పింది కోడ్ కానే కాదు. సూటిగా ఉన్న మాటే చెప్పాడు. కోడ్ సెక్షన్‌లో మంచు తెలిసినవాడు లేకపోయాడు.

వెనక్కి జారకుండా స్కీల కింద చర్మపు పట్టీలు కట్టుకుని, గాలికి తల వంచి కొండెక్కాడు. గంటన్నర పట్టింది. తాడు దగ్గర ఒక్క క్షణం కాలు ఆగింది. చిన్నప్పుడు తాడు దాటితే తండ్రి చెంప పగలగొట్టేవాడు. దాటాడు. కర్ర మీద అంకె రెండొందల తొంభై ఆరు.

చెయ్యి లోపలికి తోస్తే పైన గట్టి పలక, కింద పిండి. పిడికిలి మోచేతిదాకా దూరిపోయింది. రోడ్డు మీదికి వంగి ఉండే తెల్లగోడ అనే వాలు మీద కూడా ఇదే మంచు ఉండి తీరాలి. దానికి ముందు చరియలు ఆపే కాంక్రీటు గ్యాలరీ ఉంది, అది దాటాక రోడ్డుకు కప్పే లేదు. కింద గోడకంటించిన అంకెలు చూసి రోడ్డు తెరిచే ఉంచుతారు. పైన చిన్న తాకిడి చాలు, చరియ మొత్తం బస్సు మీదకి వస్తుంది. ముగ్గురు, వాళ్లతోపాటు బస్సులో ఇంకెందరో. హత్య అని ఎవరూ అనరు.

*

పదిముప్పావుకి సత్రం హాల్లో మంచు కమిటీ కూర్చుంది. రోడ్డు మూయాలా వద్దా తేల్చేది ముగ్గురే: అలోయిస్, ఫాదర్ గెబ్‌హార్ట్, బుర్గా. కెస్లర్ పక్కన టీ తాగుతున్నాడు.

"మూడు రోజుల్లో ఎనభై దాటితే మూయాలి. పడింది ఇరవై ఎనిమిదే. తెరిచే ఉంచుదాం," అని అలోయిస్ చెయ్యెత్తాడు. సీజన్లో రోడ్డు మూసిన పాపం ఎవడిక్కావాలి!

తలుపు తోసుకుని, ఒళ్లంతా మంచుతో క్విరిన్ వచ్చాడు.

"పెద్దమ్మా, నీకు కోపమొస్తే రానీ. ఈ కాగితం ఒక్కసారి చూడు."

"మైనం అమ్ముకునేవాడికి కమిటీలో ఏం పని?" అన్నాడు అలోయిస్.

బుర్గా అప్పటికే చూసేసింది. పెదాలు కదిలాయి. ఒకసారి కూడింది, రెండోసారి కూడింది. మెల్లగా కెస్లర్ వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఈ మంచు ఒక్క రోజైనా అణగలేదేం? మీ ఊళ్లో మంచుకి బరువుండదా?"

"గాలి వల్ల, పెద్దమ్మగారూ..."

"గాలి నీ బుర్రలో ఉంది! మూసేయ్ రోడ్డు అలోయిస్!"

కెస్లర్ కప్పు జాగ్రత్తగా సాసరులో పెట్టాడు. అదే చేత్తో పిస్టల్ తీశాడు. క్విరిన్ స్కీ కర్ర ఎక్కుపెట్టి మీట నొక్కాడు. గొట్టంలో మంచు గడ్డకట్టింది. ఆ ఒక్క గుండూ పేలలేదు.

పేలింది బుర్గా. ముప్పై ఏళ్లు మంచు తవ్విన భుజంతో, సిమెంటు కట్టు ఉన్న చేతిని తిప్పి కెస్లర్ చెవి కింద ఒక్కటిచ్చింది. మనిషి బల్లతో సహా కింద పడ్డాడు. పిస్టల్ క్విరిన్ చేతికొచ్చింది.

"గుమ్మంలో నూనె పోసింది వీడే," అంది బుర్గా, కట్టు పట్టుకుని బాధతో మెలికలు తిరుగుతూ.

కెస్లర్ నేల మీంచి నవ్వాడు. "ఫోను తీగ కోసేశాను. అవతలి గేటు బస్సు దాటేసింది. తెల్లగోడ పైన గడియారం బాంబు పదకొండుంబావుకి పెట్టాను. మీ పోస్టు బస్సు నిమిషం కూడా ఆలస్యం కాదు. అందుకే ఎంచుకున్నాను."

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. ఫాదర్ సిలువ గుర్తు వేసుకున్నాడు. అలోయిస్ ముఖం పిండిలా పాలిపోయింది. "డ్రైవరు రేడియో వింటాడు," అన్నాడు. "ఎప్పుడూ వింటాడు. మార్గిట్ గొంతైతేనే వింటాడు."

*

క్విరిన్ రేడియో గది మేడెక్కేసరికి పదకొండు దాటి ఆరు నిమిషాలు. పిస్టల్ మార్గిట్ మీదకి తిప్పి విషయం మూడు ముక్కల్లో చెప్పాడు.

మార్గిట్ కదల్లేదు. "నేను ఇది చదివితే ఎదురు తిరిగానని కెస్లర్ వాళ్లకి తెలిసిపోతుంది. లోయంతా వింటుంది."

"చదవకపోతే ఆరేళ్ల పిల్ల చస్తుంది."

"ఫ్లోరియన్ పేరు వాళ్లకి చెప్పింది నేనే." ఆమె కళ్లు నిండాయి. "వెంబడిస్తారనుకున్నాను. చంపుతారని అనుకోలేదు. నన్ను నమ్ముతావా ఇప్పుడు?"

నమ్మలేదు. ఒళ్లంతా వద్దనే అంటోంది. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంది. ఇంక ఎనిమిది నిమిషాలే ఉన్నాయి.

"ఆ పిస్టల్ దించు," అంది. "అది ముందుంటే నా గొంతు వణుకుతుంది. వణికితే డ్రైవరు హాన్నెస్ నమ్మడు. ఎవరో తాగి ఆడుకుంటున్నారనుకుంటాడు. పదేళ్లుగా నా గొంతు తెలుసు వాడికి."

తనకు వేరే దారి లేదని క్విరిన్‌కు తెలిసింది. పిస్టల్ బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. అంత కష్టమైన రెండడుగులు అతను జీవితంలో వెయ్యలేదు.

మార్గిట్ గొంతు సవరించుకుని స్విచ్ నొక్కింది.

"లానెక్ మంచు బులెటిన్. కనుమ రోడ్డు ఇప్పుడే మూసేశాం. తెల్లగోడ కింద ప్రమాదం. హాన్నెస్, గ్యాలరీ కప్పు కిందే ఆగిపో. కదలకు. మీ అమ్మ మీద ఒట్టు, కదలకు." రోజూ చెప్పే గొంతే. తేనె చుక్క తగ్గలేదు.

పదకొండుంబావు. ముందు ఒక చిన్న టప్. తర్వాత కొండ మొత్తం నిట్టూర్చినట్టు ఒక శబ్దం. కిటికీ అద్దాలు కొట్టుకున్నాయి. లోయ మీద తెల్లటి పొడి లేచి సూర్యుణ్ణి మూసేసింది. ఇద్దరూ కిటికీ దగ్గరికి పరిగెత్తారు. పొడి మెల్లగా దిగింది. రోడ్డు ఉన్న చోట తెల్లటి గుట్ట మాత్రమే ఉంది. ఎంతకీ ఏమీ వినిపించలేదు.

అప్పుడు గ్యాలరీ వైపు నుంచి పోస్టు బస్సు హారన్ మోగింది. మూడు స్వరాలు. ఆగి, మళ్లీ మూడు. ఆ మధ్యలో ఒక చిన్నపిల్ల సరదాకి కొట్టినట్టు, తాళం లేకుండా ఇంకోటి.

క్విరిన్ కుర్చీలో కూలబడి, కిటికీ వైపు చూడకుండానే ఏడ్చాడు. ఫ్లోరియన్ కోసమో, ఆ హారన్ కోసమో తనకే తెలియలేదు.

మార్గిట్ స్విచ్ ఆపి, చెవిపోగులు తీసి బల్ల మీద పెట్టింది. "ఇక వాళ్లూ నన్ను వదలరు, మీవాళ్లూ వదలరు. ఎన్నాళ్లుంది నాకు?"

"ఆ గుట్ట తవ్వడానికి తొమ్మిది రోజులైనా పడుతుంది. అంతవరకు ఎవడూ లోపలికి రాలేడు, ఎవడూ బయటికి పోలేడు."

"తర్వాత?"

క్విరిన్ కళ్లు తుడుచుకుని ఆకాశం వైపు చూశాడు.

"మూడు రోజులకు మించి వాతావరణం ఎవడు చెప్పినా నమ్మొద్దని రోజూ రేడియోలో చెప్పేది నువ్వే కదా!"